క్యారవాన్‌లో నీటి ధార సన్నబడితే: వసంతంలో రోడ్డెక్కే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

బ్రిటన్‌లో టూరింగ్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఉన్నవారిలో చాలామంది అక్టోబరు, నవంబరు నెలల్లో దానిని ఒకచోట నిలిపి, మళ్లీ మార్చిలోనో ఈస్టర్ సెలవుల ముందో బయటకు తీస్తారు. మధ్యలో గడిచిన చలికాలం వల్ల ఎక్కువగా దెబ్బతినేది నీటి ఏర్పాటు. కొళాయి తిప్పితే నీరు సన్నగా రావడం, షవరు ఆగి ఆగి పడడం, పంపు తిరుగుతున్న చప్పుడు వినబడుతున్నా చుక్క రాకపోవడం అప్పుడే బయటపడతాయి. ఇది చూడగానే ఎక్కువమందికి తోచే ఆలోచన మరింత పెద్ద పంపు కొని బిగించడం. దయచేసి ఆ పని చివరికి వాయిదా వేయండి. నీటికి అడ్డం ఎక్కడ ఉందో తేల్చకుండా ఒత్తిడి మాత్రమే పెంచితే, ఆ నీరు కొళాయిలోకి రాకుండా గోడ వెనక ఉన్న బలహీనమైన జాయింటులోంచి కారవచ్చు. క్యారవాన్ గోడల్లోనూ నేలలోనూ వాడిన కలప ఆ తడికి లోలోపలే కుళ్లుతుంది. బయటికి కనబడేసరికి మరమ్మతు ఖర్చు పంపు ధరకు ఎన్నో రెట్లు అవుతుంది.

క్యారవాన్‌లో నీరు ఇంట్లో లాగా రాదు. బయట నేల మీద ఉంచిన 40 లీటర్ల డ్రమ్ములోంచి 12 వోల్టుల చిన్న పంపు దానిని లోపలికి తోస్తుంది. డ్రమ్ములో మునిగి పనిచేసే పంపు సుమారు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఒత్తిడినే ఇస్తుంది. క్యారవాన్ లోపల బిగించే డయాఫ్రమ్ పంపులు (సాగే పొర కదలికతో నీటిని తోసేవి) సాధారణంగా 1.4 నుంచి 2.1 బార్ వరకు ఇస్తాయి. నీటిని 10 మీటర్ల ఎత్తుకు లేపడానికి 1 బార్ కావాలి కాబట్టి, నేల మీది డ్రమ్ము నుంచి తల ఎత్తున ఉన్న షవరుకు చేరేసరికే పంపు శక్తిలో చెప్పుకోదగ్గ భాగం ఖర్చయిపోతుంది. పంపు పెట్టె మీద నిమిషానికి 10 లీటర్లో 12 లీటర్లో అని రాసి ఉండేది ఎత్తూ అడ్డంకీ ఏమీ లేనప్పటి లెక్క. ఇంట్లో షవరు లాంటి ధార ఇక్కడ రావాలని పట్టుబట్టడం కంటే, ఈ ఏర్పాటు ఇవ్వగలిగిన ధార పూర్తిగా వస్తోందా లేదా అని చూడడం న్యాయం.

అందువల్ల ముందు కొలవండి. 5 లీటర్ల గిన్నె, చేతి గడియారం చాలు. ప్రతి కొళాయినీ విడివిడిగా పూర్తిగా తెరిచి, గిన్నె నిండడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. ఒక నిమిషం పడితే ధార నిమిషానికి 5 లీటర్లన్నమాట. చల్లనీటికి ఒకసారి, వేడినీటి వైపు ఒకసారి, షవరు తల తీసేసి గొట్టంలోంచి ఒకసారి చూడాలి. ఈ అంకెలు పక్కపక్కన పెడితే లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. అన్నిచోట్లా ధార తగ్గితే కారణం డ్రమ్ము, పంపు, లోపలికి వచ్చే చోట ఉన్న ఫిల్టరు, లేదా బ్యాటరీ. చల్లనీరు బాగా వచ్చి వేడినీరు మాత్రం తగ్గితే హీటరు దగ్గరి వాల్వుల్లోనో ఆ పైపులోనో అడ్డముంది. ఒక్క కొళాయిలోనే తగ్గితే లోపం ఆ కొళాయిదే. షవరు తల తీయగానే ధార పెరిగితే గొట్టాల జోలికి వెళ్లనవసరమే లేదు.

అయితే ఈ కొలత తీసే ముందు చలికాలపు నష్టాన్ని చూసుకోవాలి. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. శరదృతువులో గొట్టాలను ఖాళీ చేసినా, పంపు తొడుగులోనో ఫిల్టరు గిన్నెలోనో షవరు కొళాయి లోపలి భాగంలోనో మిగిలిపోయిన కొద్ది నీరు ప్లాస్టిక్‌ను చీల్చడానికి సరిపోతుంది. చలికాలానికి ముందు కొళాయిలన్నీ తెరిచి వదిలేయడం సరైన పద్ధతే కానీ, వసంతంలో పంపు స్విచ్ వేసే ముందు వాటినన్నిటినీ మూసి, నీరు వదిలే వాల్వులు కూడా మూసి ఉన్నాయో లేదో చూసుకోవాలి. ట్రూమా సంస్థ హీటరుతో వచ్చే ఫ్రాస్ట్‌కంట్రోల్ వాల్వు ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలకు పడిపోగానే తనంతట తానే తెరుచుకొని హీటరులోని నీటిని బయటికి వదిలేస్తుంది. ఉష్ణోగ్రత దాదాపు 7 డిగ్రీలు దాటితే తప్ప ఆ వాల్వు మూసినా నిలవదు. మార్చి నెల ఉదయాన క్యారవాన్ కింద నీరు ధారగా పోతుంటే పైపు పగిలిందని కంగారు పడకండి. ముందు లోపల కాస్త వెచ్చబరచి, ఆ వాల్వును మూసి చూడండి.

తరువాత చూడవలసింది ఫిల్టరు. ధార తగ్గిన ఫిర్యాదుల్లో దోషిగా నేను మొదట అనుమానించేది దీనినే. కిందటి ఏడాది వాడిన ఫిల్టరు కాట్రిడ్జ్ తడిగా నెలల తరబడి ఉండిపోతే ధారను అడ్డుకోవడమే కాదు, సూక్ష్మజీవులకు ఆశ్రయం కూడా అవుతుంది. దానిని శుభ్రం చేసి తిరిగి వాడే ప్రయత్నం వద్దు. సీజను మొదట్లో కొత్తది వేయడమే మంచిది. కాట్రిడ్జ్ తీసేసి ఒక్క నిమిషం పంపు నడిపితే ధార ఎంత మారిందో చూసి, దోషం దానిదో కాదో నిర్ధారించుకోవచ్చు. కొళాయి మూతి దగ్గరి జల్లెడ, షవరు తల రంధ్రాలు కూడా చూడాలి. ఇంగ్లండ్ దక్షిణ, తూర్పు ప్రాంతాల నీటిలో సున్నం ఎక్కువ. మన ఊళ్లలో బోరు నీళ్లు పట్టిన బిందె అడుగున కట్టే తెల్లటి గార లాంటిదే అక్కడి షవరు రంధ్రాలను పూడుస్తుంది. ఆ భాగాలను విప్పి వెనిగరులో గానీ నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో గానీ నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, బాగా కడగాలి.

ఇక్కడ ఒక హెచ్చరికను గట్టిగా చెప్పక తప్పదు. సీజను మొదట్లో డ్రమ్మును, గొట్టాలను క్లోరిన్ కలిసిన ద్రావణంతో శుద్ధి చేయడం అవసరమే, కానీ వెనిగరు వంటి పుల్లని పదార్థాన్నీ బ్లీచు వంటి క్లోరిన్ ద్రావణాన్నీ ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలవనివ్వకూడదు. అవి కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. క్యారవాన్ వంటి ఇరుకు చోట అది ప్రాణాపాయం. గార తొలగించే పని ముందు పూర్తి చేసి, మంచినీటితో పలుమార్లు కడిగి, శుద్ధి మరో రోజు పెట్టుకోండి. లీజియోనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలిచిన నీటిలో పెరుగుతుంది, సన్నని తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కాబట్టి నెలల తరువాత మొదటిసారి నీరు వదిలేటప్పుడు షవరు తల తీసేసి, గొట్టాన్ని కింద పెట్టి, తుంపర లేవకుండా పారనివ్వాలి.

ఫిల్టరు బాగుండి ధార మాత్రం బాగాలేకపోతే పంపునూ విద్యుత్తునూ చూడాలి. మునిగే పంపును డ్రమ్ములో వేసినప్పుడు లోపల గాలి బుడగ చిక్కుకుంటే మోటారు తిరుగుతుంది గానీ నీరు కదలదు. పంపును నీటిలోనే ఒకటి రెండు సార్లు కుదిపి, డ్రమ్ము గోడకు మెల్లగా తట్టితే ఆ గాలి పోతుంది. నీరు లేకుండా పంపును తిప్పడం దానికి హాని. ఈ విషయంలో మన కుటుంబాలు మరికాస్త జాగ్రత్తగా ఉండాలి: నలుగురైదుగురికి బియ్యం కడిగి, కూరలు వండి, గిన్నెలు తోమేసరికి 40 లీటర్లు చూస్తుండగానే అయిపోతాయి. రెండో డ్రమ్మును నింపి పక్కన ఉంచుకోవడం ఖర్చు లేని రక్షణ.

మునిగే పంపుల్లో చక్రం వేగం 10 శాతం తగ్గితే ఒత్తిడి దాదాపు 20 శాతం పడిపోతుంది. బ్యాటరీ బలహీనపడినా, ప్లగ్గు పిన్నులకు చిలుము పట్టినా జరిగేది ఇదే. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ విశ్రాంతిలో 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. 12 దగ్గరకు వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. పంపు తిరుగుతుండగా దాని తీగల దగ్గర మీటరు పెట్టి చూడాలి. బ్యాటరీ దగ్గరి కొలతకూ అక్కడి కొలతకూ ఒక వోల్టు తేడా ఉంటే లోపం తీగల్లోనో కనెక్షన్లలోనో ఉంది, పంపులో కాదు. వంటగది కొళాయి తిప్పితే పంపు మొదలై, స్నానపు గది కొళాయికి మొదలవకపోతే ఆ కొళాయిలోని మైక్రోస్విచ్ (కొళాయి తిప్పగానే పంపును నడిపే చిన్న స్విచ్) తేమకు పాడయి ఉంటుంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వేయాలి తప్ప పెద్దది వేయరాదు. ఈ పనులన్నీ బయటి నుంచి క్యారవాన్‌కు విద్యుత్తు తెచ్చే 230 వోల్టుల హుక్‌అప్ కేబులు పూర్తిగా తీసేశాకే చేయాలి.

గొట్టాల విషయానికి వస్తే, లోపలి వ్యాసం సగమైతే అదే పరిమాణంలో నీరు పారడానికి దాదాపు 30 రెట్లు ఎక్కువ ఒత్తిడి ఖర్చవుతుంది. 12 మిల్లీమీటర్ల పైపు అంటే అది బయటి కొలత. లోపలి దారి 9 మిల్లీమీటర్లే. అటువంటి దారిలో ఒక్క మడత పడినా, సామాను పెట్టె కింద గొట్టం నలిగినా నష్టం చాలా ఎక్కువ. సీట్ల కింద, అలమరాల వెనక చేత్తో తడిమి చూసి, పదునైన మలుపులున్న చోట గొట్టాన్ని సరిచేయండి. మార్చవలసి వస్తే తాగునీటికి తగిన గొట్టాన్నే వాడండి, తోటకు వాడేది వద్దు.

ఇవన్నీ సరిచేశాక కూడా ధార చాలకపోతేనే పెద్ద పంపు గురించి ఆలోచించండి. అప్పుడు కూడా కొళాయిలు, జాయింట్లు, హీటరు ఎంత ఒత్తిడికి తట్టుకుంటాయో వాటి పుస్తకాల్లో చూసి, వాటిలో అన్నిటికంటే తక్కువ అంకెను హద్దుగా పెట్టుకోవాలి. ట్రూమా అల్ట్రాస్టోర్ హీటరుకు ఆ హద్దు 2.8 బార్. ఊరి నీటి సరఫరా ఒత్తిడి అంతకంటే ఎక్కువ ఉండే అవకాశం ఉన్నందున, క్యారవాన్లు నిలిపే సైటులోని కొళాయికి నేరుగా గొట్టం తగిలించకుండా, ఒత్తిడి తగ్గించే రెగ్యులేటరున్న అడాప్టరు ద్వారానే కలపాలి. రాత్రిపూటా, క్యారవాన్ వదిలి వెళ్లేటప్పుడూ ఆ కొళాయిని మూసేయాలి. గొట్టంలో ఒత్తిడి పడిపోగానే పంపును నడిపే ప్రెజర్ స్విచ్ ఉన్న ఏర్పాటులో పంపు టకటకమని ఆగుతూ మొదలవుతుంటే అక్యుములేటరు (ఒత్తిడిలో ఉన్న కొంత నీటిని నిలవ ఉంచే చిన్న పాత్ర) బిగించవచ్చు. అది ధారను నిలకడగా ఉంచుతుంది, ఒత్తిడిని పెంచదు. కొళాయిలన్నీ మూసి ఉన్నా పంపు మధ్యమధ్య తనంతట తానే మొదలైతే, ముందుగా ఎక్కడో లీకు ఉందని భావించి వెతకాలి.

చివరగా నీరు నింపి, వేడినీటి కొళాయిలో గాలి పోయి ధార నిలకడగా వచ్చేదాకా ఆగి, ఆ తరువాతే హీటరు వెలిగించాలి. ఖాళీ హీటరును వేడిచేయకూడదు. ప్రతి జాయింటు కింద పొడి కాగితం పరచి, పంపును ఒక గంటసేపు ఒత్తిడిలో ఉంచి, కాగితాలు తడిశాయేమో చూడండి. ఈ పరీక్ష ఇంటి ముందే, ప్రయాణానికి కనీసం వారం ముందు చేస్తే విడిభాగాలు తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది. హీటరులో గ్యాసుకు సంబంధించిన ఏ భాగాన్నయినా విప్పవలసి వస్తే మాత్రం, అర్హత ఉన్న గ్యాస్ ఇంజినీరుకే అప్పగించండి.