బెంగళూరులో కోర్సుకి చేరుతున్నారా? సంతకానికి ముందు ఈ లెక్క వేయండి

మార్తహళ్లికో బీటీఎం లేఅవుట్‌కో సాఫ్ట్‌వేర్ కోర్సుకని వచ్చే మనవాళ్లు టీ, టిఫిన్ల దగ్గర రూపాయి రూపాయి చూసుకుంటారు. మొదటి వారంలోనే ఫీజు ఈఎంఐ కాగితం మీద మాత్రం చదవకుండా సంతకం పెట్టేస్తారు. అసలు అప్పు అక్కడే మొదలవుతుంది.

"నెలనెలా కట్టుకోవచ్చు" అంటే చాలాసార్లు అది ఫైనాన్స్ కంపెనీ లోను. డబ్బు నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కి పోతుంది, బాకీ మీ పాన్ కార్డు మీద ఉంటుంది. క్లాసులు నచ్చక మానేసినా కిస్తీలు ఆగవు. కట్టకపోతే, అప్పులు సరిగ్గా కడుతున్నారో లేదో చూపే సిబిల్ స్కోరు పడిపోతుంది.

కాబట్టి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్, అంటే లోను షరతులు, ఖర్చులు ఒకచోట రాసిచ్చే కాగితం అడగండి, అందులో ఏపీఆర్ (వడ్డీ, ఛార్జీలు కలిపిన ఏడాది రేటు) అంకె చూడండి. 60,000 ఫీజుకి "12 శాతం ఫ్లాట్" అన్నారనుకోండి. వడ్డీ 7,200, పన్నెండు నెలలు 5,600 చొప్పున కిస్తీ. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొత్తం 60,000 మీదే వేశారు కదా, అందుకే నిజమైన రేటు దాదాపు 21.5 శాతం. ప్రాసెసింగ్ ఫీజు కలిస్తే ఇంకా పైకే.

దీనికన్నా రెండు మూడు డెమో క్లాసులు విని, ఏ నెల ఫీజు ఆ నెల కట్టించుకునే చోట చేరండి. మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రసీదు మీదే రాయించుకోండి. నోటిమాట పనికిరాదు. ప్రోగ్రామింగ్ బేసిక్స్‌కైతే ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

డిగ్రీ, ఇంజనీరింగ్ లాంటి చదువులకి బ్యాంకు విద్యారుణం నయం. కోర్సు అయ్యేదాకా, సాధారణంగా ఆ తర్వాత ఇంకో ఏడాది, కిస్తీ ఉండదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. 3 లక్షలకి 10 శాతమైతే నెలకి 2,500. ఇంట్లో వీలుంటే చదువుకునేటప్పుడే ఆ వడ్డీ కట్టేస్తే అది అసలులో కలవదు.

నెలాఖర్లో క్రెడిట్ కార్డు ఆదుకుంటుందనుకుంటారు. 20,000 బిల్లుకి మినిమం డ్యూ (ఆ నెల కనీసం కట్టాల్సింది) 5 శాతం అనుకోండి, అంటే 1,000. నెలకి 3.5 శాతం వడ్డీ 700, దానిమీద 18 శాతం జీఎస్టీ 126. మీరు కట్టిన వెయ్యిలో అసలుకి చేరేది 174 రూపాయలే! పైగా పాత బాకీ ఉన్నన్నాళ్లు కొత్తగా గీకినదానికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది.

పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతి) అడ్వాన్స్ ఇచ్చేముందు మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారో, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలో వాట్సాప్‌లో రాయించుకోండి. విడిగా ఇల్లు తీసుకుంటే, వెళ్లేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడ మామూలే. దాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

కందిపప్పు, పచ్చళ్లు ఎలాగూ ఇంటినుంచి వస్తాయి. కూరగాయలకి మడివాళ మార్కెట్ చాలు. ఇక అమ్మాయిలకి ఒక మాట: శక్తి పథకంలో బీఎంటీసీ (బెంగళూరు సిటీ బస్సు) మామూలు బస్సులు ఉచితమే కానీ అది కర్ణాటక వాసులకి. గుర్తింపు కార్డులో ఆంధ్రా, తెలంగాణ చిరునామా ఉంటే టికెట్ కొనాల్సిందే, కనుక నెల పాసు ఖర్చు కూడా ముందే వేసుకోండి.