కారు కడిగే పైపు: ఎక్కడ కారుతోంది, ఎందుకు సన్నగా వస్తోంది, ఏం మార్చాలి

షాపుకి వెళ్లేముందు రెండు విషయాలు తెలుసుకోండి. కుళాయి మూతికి మరలు ఉన్నాయా, ఉంటే బయటి కొలత ఎంత? నీళ్లు మేడ మీది ట్యాంకు నుంచి వస్తున్నాయా, ప్రెజర్ పంపు నుంచా? కొనాల్సింది ఈ రెండింటిని బట్టే ఉంటుంది. పైపు రంగు, గన్‌లో ఎన్ని రకాల స్ప్రేలు ఉన్నాయి అన్నవి తర్వాతి సంగతులు.

కుళాయి దగ్గర పైపు ఊడిపోతోంది

మూతి నున్నగా ఉన్న కుళాయికి పైపు తొడిగి, ఇనుప తీగ చుట్టి బిగించి ఉంటారు. చివర గన్ మూయగానే ఒత్తిడంతా వెనక్కి వచ్చి పడుతుంది, పైపు జారిపోతుంది. తీగ చుట్టూ సమానంగా పట్టదు, పైపును ఒకచోట కోస్తుందంతే.

మూతికి గాడులున్న నాజిల్ కుళాయి వేయించుకోవడం దీనికి సరైన మందు. పైపు చివరను బ్లేడుతో తిన్నగా కోసి, వేడినీళ్ల గ్లాసులో అర నిమిషం ముంచండి. మెత్తబడ్డాక గాడులన్నీ దాటేదాకా తోసి, స్క్రూ క్లిప్పును సరిగ్గా గాడుల మీదే బిగించండి. పైపు అంచు మీద బిగిస్తే మళ్లీ జారుతుంది. అద్దె ఇల్లయి కుళాయి మార్చలేకపోతే రబ్బరు స్లీవు ఉన్న కనెక్టరు వాడొచ్చు. అది ట్యాంకు నీళ్లకు చాలు, ప్రెజర్ పంపుకి మాత్రం ఆగదు.

ఫిట్టింగు ఒక చుట్టు తిరిగి బిగుసుకుపోతోంది

మా బావగారు డాలస్ నుంచి మంచి ఇత్తడి నాజిల్ తెచ్చారు. ఎంత తిప్పినా ఎక్కలేదు. అమెరికా గార్డెన్ పైపు మరలు అంగుళానికి పదకొండున్నర ఉంటాయి. మన ప్లంబింగు బ్రిటిష్ కొలతది. అర అంగుళమైనా, ముప్పావు అంగుళమైనా అంగుళానికి 14 మరలు. రెండిటి మీదా ముప్పావు అని రాసి ఉన్నా ఒకదానికొకటి కూర్చోవు. బలవంతం చేస్తే ఇత్తడి మరలే పాడవుతాయి. అక్కడి నుంచి తెచ్చిన సామాను వాడాలంటే ఈ రెండు మరలనూ కలిపే ఎడాప్టర్ కావాలి.

మన కుళాయిల్లోనే అర, ముప్పావు తేడా తెలియకపోతే స్కేలు పెట్టి మరల మీద కొలవండి. సుమారు 21 మిల్లీమీటర్లు ఉంటే అర అంగుళం, 26 దాటితే ముప్పావు. 21 మిల్లీమీటర్లు కొలిచి ముప్పావు అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ప్లంబింగులో పిలిచే కొలత వేరు, స్కేలు చూపించేది వేరు.

బిగించినా చుక్కలు పడుతున్నాయి

లోపలి వాషర్ తీసి చూడండి. మీద రింగులా లోతుగా అచ్చు పడిందంటే దాని పని అయిపోయినట్టే, మార్చేయండి. ఈ జాయింటులో నీళ్లను ఆపేది వాషరే. మరల మీద టెఫ్లాన్ టేపు ఎన్ని చుట్లు చుట్టినా ఇక్కడ పెద్దగా ఉపయోగం లేదు.

నీళ్లు సన్నగా వస్తున్నాయి

అందరూ ముందు గన్‌నే అనుమానిస్తారు. నేనైతే ముందు బకెట్ పెడతాను. పైపు తీసేసి, కుళాయి కింద 15 లీటర్ల బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. తర్వాత పైపు తగిలించి, ఆపైన వాల్వ్, ఆపైన గన్ తగిలించి ఒక్కోసారి చూడండి. ఎక్కడ సమయం ఒక్కసారిగా పెరిగిందో అడ్డు అక్కడే ఉంది.

పది మీటర్ల ఎత్తు నీళ్లుంటేనే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. ఒకే అంతస్తు ఇంటి మీద ట్యాంకుంటే కింద కుళాయి దగ్గర అర బార్ కూడా ఉండదు. అంత తక్కువ ఒత్తిడిలో దారిలో ఉన్న ప్రతి ఇరుకు కన్నమూ నీళ్లను కాస్త కాస్త మింగేస్తుంది. చౌక ప్లాస్టిక్ వాల్వును వెలుతురుకి ఎత్తి తెరిచి చూడండి. బయట అర అంగుళమే, లోపల కన్నం పెన్సిలంత కూడా ఉండకపోవచ్చు. ఫుల్ బోర్ ఇత్తడి బాల్ వాల్వులో అలా ఉండదు, తెరిస్తే పైపంత దారీ కనిపిస్తుంది. ట్యాంకు నీళ్లయితే ముప్పావు అంగుళం పైపు తీసుకోండి, నీళ్లు పారే చోటు అర అంగుళానికి రెండింతలు దాటుతుంది.

అసలు నీళ్లే రాకపోతే క్లిక్ కనెక్టర్లు, అంటే నొక్కితే టక్కున పట్టుకునే జాయింట్లు చూడండి. వాటర్ స్టాప్ రకంలో లోపల చిన్న కవాటం ఉంటుంది, గన్ తగిలిస్తేనే తెరుచుకుంటుంది. ఇది పైపుకి గన్ వైపు ఉండాలి. కుళాయి వైపు మామూలుది చాలు.

గన్ ఉండాలా, వాల్వ్ ఉండాలా

నేను పైపు చివర పావు చుట్టు బాల్ వాల్వ్, దాని ముందు నాజిల్ పెడతాను. సబ్బు చేత్తోనైనా దాని పిడి తిరుగుతుంది. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. నిమిషానికి 10 లీటర్లు వచ్చే పైపును సబ్బు రుద్దే పది నిమిషాలూ వదిలేస్తే 100 లీటర్లు నేలపాలు. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. మనకీ ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూడటం కొత్త కాదు.

మూసినప్పుడు దడ్‌మని శబ్దం, పంపు ఆగి ఆగి తిరగడం

పారే నీళ్లను ఒక్కసారిగా ఆపితే ఆ తాకిడికి గోడలోని పైపు అదురుతుంది. పిడిని మెల్లగా తిప్పితే చాలు. అన్నీ మూసినా ప్రెజర్ పంపు కాసేపటికోసారి దానంతటదే ఆన్ అవుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. కుళాయి కట్టేసి చూడండి. అప్పుడు పంపు ఊరుకుంటే లోపం పైపు వైపు, అప్పటికీ తిరుగుతుంటే ఇంటి లైనులో.

వాల్వ్ బిగుసుకుపోయింది

బోరు నీళ్ల ఉప్పు లోపల గట్టిపడుతుంది. ఇత్తడిదైతే విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పొద్దున్న కడిగి తిప్పండి. పట్టకారుతో బలవంతం చేస్తే పిడి విరుగుతుంది. ఇత్తడి కుళాయికి అల్యూమినియం ఫిట్టింగు ఏళ్ల తరబడి వదిలేస్తే తడిలో రెండూ అతుక్కుపోతాయి, కాబట్టి ఇత్తడికి ఇత్తడే కొనండి.

కడగడం అయ్యాక చివర వాల్వ్ మూసి వెళ్లిపోకండి. ముందు కుళాయి కట్టేసి, తర్వాత చివర వాల్వ్ తెరిచి పైపులో ఒత్తిడి పోనివ్వండి. నీళ్లతో బిగిసిన పైపు ఎండలో పడి ఉంటే వేడికి మెత్తబడి, ఉబ్బి, క్లిప్పు పక్కనే చీలుతుంది.