రోడ్డు అంచున స్నో తీసేటప్పుడు డ్రైవర్లకు కనిపించేలా ఉండాలంటే

మిషిగన్‌లో స్నో పడిన రోజు గ్యారేజ్ నుంచి రోడ్డు దాకా ఉండే డ్రైవ్‌వే మొత్తం తీయడం ఒక ఎత్తు, రోడ్డుకు ఆనుకుని ఉన్న చివరి నాలుగైదు అడుగులు తీయడం ఒక ఎత్తు. రోడ్డు మీది మంచును పక్కకు తోసే ప్లో ట్రక్ వెళ్తూ వెళ్తూ మన వాకిలికి అడ్డంగా గట్టు కట్టి పోతుంది. అందులో ఉండేది మెత్తటి మంచు కాదు, ఉప్పూ బురదా కలిసి బిగిసిన గడ్డలు. ఎక్కువసేపు పట్టేది అక్కడే, తల వంచుకుని పనిచేసేది అక్కడే, కార్లు ఒంటికి దగ్గరగా పోయేదీ అక్కడే. మా ఇల్లు కాంటన్‌లో, సబ్‌డివిజన్ (ఇళ్ల కాలనీ) లోపల కాకుండా నేరుగా 45 మైళ్ల స్పీడ్ లిమిట్ ఉన్న రోడ్డు మీదే ఉంది. అందుకే కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్లు మంచు తీసే పార (షవల్) ఏది మంచిది, మంచును ఎగరగొట్టే మిషన్ (బ్లోవర్) ఏది కొనాలి అని అడిగితే ముందు ఈ విషయం చెప్పి ఆ తర్వాతే దానికొస్తాను.

ముందు లెక్క చూడండి. 45 మైళ్ల వేగంలో కారు సెకనుకు 66 అడుగులు కదులుతుంది. డ్రైవర్ మనల్ని గమనించి బ్రేక్ మీద కాలు వేసేసరికి ఒకటిన్నర సెకను పట్టిందనుకుంటే, అప్పటికే దాదాపు 100 అడుగులు వచ్చేసినట్టు. కారు ఆగడం ఆ తర్వాతి సంగతి. జారే రోడ్డు మీద అందుకు పట్టే దూరం పొడి రోడ్డు కంటే ఎన్నో రెట్లు. పైగా ముందు అద్దం నిండా ఉప్పు మరకలు, కొందరైతే కళ్ల ముందు కాస్త చోటు మాత్రం గీకేసి బయల్దేరతారు. కాబట్టి చాలా దూరం నుంచే కనిపించాలి. కనిపించినా కారు ఆగకపోవచ్చనుకుని నిలబడే చోటు ఎంచుకోవాలి. ఈ రెండోది చాలామంది ఆలోచించరు.

బట్టల సంగతి. మన ఇళ్లలో వింటర్ జాకెట్లన్నీ నలుపు, నేవీ బ్లూ, ముదురు బూడిద రంగులే. మరక కనపడదని అవే కొంటాం. రాత్రి కిందికి దించిన హెడ్‌లైట్ల (లో బీమ్) వెలుగులో నల్ల జాకెట్ వేసుకున్న మనిషి డ్రైవర్‌కి కనిపించేది బాగా దగ్గరికొచ్చాకే. జాకెట్ మార్చక్కర్లేదు, పైన వెలుగు పడితే మెరిసే చేతుల్లేని కోటు, అంటే రిఫ్లెక్టివ్ వెస్ట్ ఒకటి వేసుకోండి. హోమ్ డిపో, లోస్ లాంటి షాపుల్లో 20 డాలర్లలోపే దొరుకుతుంది. లోపలి లేబుల్ మీద ‘ఆన్సీ 107’ (ANSI 107, ఇలాంటి బట్టలకున్న అమెరికా ప్రమాణం) అనీ, క్లాస్ 2 లేదా క్లాస్ 3 అనీ ఉందో లేదో చూడండి. క్లాస్ 1 బళ్లు నెమ్మదిగా తిరిగే పార్కింగ్ లాట్ల లాంటి చోట్లకు, మన రోడ్లకు చాలదు. మందపాటి జాకెట్ మీద బిగుతు లేకుండా పట్టేలా ఒకటి రెండు సైజులు పెద్దది తీసుకోండి. బ్లోవర్ వాడేవాళ్లు వేలాడే తాళ్లున్నది కొనొద్దు. లాగితే ఊడిపోయే వెల్క్రో ఉన్నదే మంచిది.

ఆ వెస్ట్‌లో రెండు రకాల గుడ్డ ఉంటుంది, రెండూ వేర్వేరు వేళల్లో పనిచేస్తాయి. జిగేలుమనే రంగు గుడ్డ పగటి వెలుతురులోని అతినీలలోహిత కిరణాలను తీసుకుని కంటికి కనిపించే వెలుగుగా మారుస్తుంది. అందుకే మబ్బు పట్టిన పగలూ, పొద్దుగూకే వేళా అది చుట్టుపక్కల వాటికంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రి ఆ కిరణాలుండవు, రంగుతో పెద్ద లాభం లేదు. అప్పుడు పనిచేసేది వెస్ట్ మీది వెండి రంగు పట్టీ. హెడ్‌లైట్ వెలుగు ఎటు నుంచి వస్తే అటే, అంటే డ్రైవర్ కళ్లవైపే, వెనక్కి పంపుతుంది. మనకు ఎప్పుడు ఏది అవసరమవుతుందో చెప్పలేం కాబట్టి రెండూ ఉండాలి. రంగుల్లో నా ఓటు నారింజకే. తెల్లటి మంచు ముందు నిమ్మపసుపు కంటే అది బాగా తేలుతుంది.

ఒక్క వెస్ట్‌తో సరిపెట్టకండి. వంగి తవ్వుతున్నప్పుడు ఛాతీ మీది పట్టీ నేలవైపు ఉంటుంది, గట్టు ఎత్తుగా ఉంటే నడుము దాకా కనపడదు. మణికట్లకీ చీలమండలకీ రిఫ్లెక్టివ్ బ్యాండ్లు పెట్టుకోండి. కాళ్లూ చేతులూ కదిలే తీరు చూసి మన కన్ను అది మనిషని ఇట్టే పోల్చుకుంటుంది. ఛాతీ మీద కదలని మెరుపు ఒక్కటే ఉంటే దూరం నుంచి అది రోడ్డు బోర్డో, చెత్త డబ్బానో అనిపించొచ్చు. పట్టీల మీద పేరుకున్న మంచును మధ్యమధ్యలో తుడుచుకోవాలి కూడా. కప్పుకుపోయిన పట్టీ మెరవదు.

లైటు ఉంటే ఇంకా మేలు. తలకు హెడ్‌ల్యాంప్, నడుము వెనక సైకిళ్లకు పెట్టే ఎర్రటి ఆరివెలిగే లైటు పెట్టుకుంటే చాలు. హెడ్‌ల్యాంప్‌ను నేలవైపు వంచండి, ఎదురొచ్చే డ్రైవర్ కళ్లలో కొడితే మనకే ప్రమాదం. బ్యాటరీలు లిథియంవి వేయండి, చలికి ఆల్కలైన్ త్వరగా నీరసిస్తాయి.

ఇక నిలబడే తీరు. ఇండియాలో మన ఊళ్లో బళ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి ఇంటి గుమ్మంలోంచి రోడ్డు వైపు చూస్తే దగ్గరి వరస బళ్లు కుడి నుంచి వస్తాయి. ఇక్కడ ఎడమ నుంచి వస్తాయి. ఇక్కడ ఏళ్లుగా ఉన్నవాళ్లకి అలవాటైపోతుంది గానీ, చలికాలం వచ్చిన అమ్మానాన్నలకు మెడ ముందు కుడికే తిరుగుతుంది. మా మామయ్యగారు ఒంగోలు నుంచి వచ్చినప్పుడు ‘ఖాళీగా కూర్చోలేనమ్మా’ అంటూ షవల్ పట్టుకునేవారు. ‘మామయ్యగారూ, గ్యారేజ్ వైపు మీరు తీయండి, రోడ్డు చివర నాకు వదిలేయండి’ అని చెప్పాను. వెస్ట్ మాత్రం ఆయనకూ వేయించాను. పెద్దవాళ్లకు ఆ చివర పని అప్పగించొద్దు.

రోడ్డు వైపు వీపు పెట్టొద్దు. ఎడమవైపు, అంటే బళ్లొచ్చే వైపు మొహం పెట్టి, కాళ్లు డ్రైవ్‌వేలోనే ఉంచి గట్టును లోపలి నుంచి కొంచెం కొంచెంగా తినుకుంటూ రండి. తీసిన మంచు కుడివైపు వేయండి. ఎడమవైపు పోస్తే తర్వాతి ప్లో దాన్నే తోసి మళ్లీ మన వాకిట్లో పడేస్తుంది, బళ్లొచ్చే వైపు చూపుకూ అడ్డం. వీలైతే ఎడమపక్క అంచున కొంచెం జాగా ఖాళీ చేసి పెట్టండి, ప్లో బ్లేడ్ తోసుకొచ్చే మంచు అక్కడ దించుకుంటుంది, మీ గట్టు చిన్నదవుతుంది, రోడ్డు దగ్గర నిలబడే సేపూ తగ్గుతుంది. రోడ్డు మీదికి మాత్రం తోయొద్దు, మిషిగన్ చట్టం ఒప్పుకోదు. బ్లోవర్ గొట్టం కూడా రోడ్డు వైపు తిప్పొద్దు. ఎగిరే తెల్లపొడిలో మీరే మాయమైపోతారు.

చెవులు ఖాళీగా ఉంచండి. ఇయర్‌బడ్స్ వద్దు. హుడ్ బదులు ఉన్ని టోపీ పెట్టుకుంటే పక్క చూపు మిగులుతుంది. మెత్తటి స్నో శబ్దాన్ని పీల్చేస్తుంది, ఎలక్ట్రిక్ కార్ల చప్పుడు అసలే తక్కువ. బ్లోవర్ నడుస్తుంటే ఏదీ వినపడదు, అప్పుడు ప్రతి రెండు మూడు అడుగులకూ తలెత్తి చూడాల్సిందే. ఆకుపచ్చ, పసుపు లైట్లతో ప్లో ట్రక్ కనిపించగానే పని ఆపి గ్యారేజ్ వైపు వెనక్కి వచ్చేయండి. బ్లేడ్ లేపే మంచు మేఘంలో ఆ డ్రైవర్‌కి మీరు కనిపించకపోవచ్చు, అది విసిరే గడ్డలు కూడా గట్టిగానే తగులుతాయి.

వేళ కూడా మన చేతిలో కొంత ఉంటుంది. జనవరి మొదట్లో ఇక్కడ తెల్లవారేది దాదాపు ఉదయం 8కి, సూర్యుడు సాయంత్రం 5 దాటగానే అస్తమిస్తాడు. ఆఫీసుకు ముందైనా తర్వాతైనా చీకటే. పొద్దున కారు పట్టేంత దారి మాత్రం చేసుకుని, మిగతా గట్టు ఇంటి నుంచి పనిచేసే రోజు మధ్యాహ్నానికి వాయిదా వేయండి. తూర్పు పడమరగా సాగే రోడ్డయితే సూర్యుడు కిందికి ఉన్న గంటలో కూడా వద్దు, డ్రైవర్ కళ్లలోకే ఎండ కొడుతుంది.

మెయిల్‌బాక్స్ దగ్గర పని పగలే చేయండి. పోస్టల్ నిబంధన ప్రకారం అది రోడ్డు అంచు నుంచి 6 నుంచి 8 అంగుళాల దూరంలోనే ఉంటుంది, దాని ముందు తీయాలంటే రోడ్డులోనే నిలబడాలి. కొన్ని ఇళ్లకు అది రోడ్డు అవతల ఉంటుంది. అక్కడికి ఇద్దరు వెళ్లండి, ఒకరు తీస్తుంటే ఒకరు బళ్లు చూడాలి. చూసేవాళ్లు ఫోన్ జేబులో పెట్టుకోవాలి.

వెస్ట్, బ్యాండ్లు, లైటు షవల్ పక్కనే ఒకే మేకుకు తగిలించండి, వెతుక్కోవాల్సి వస్తే వేసుకోం. మాసిన పట్టీ వెలుగు తగ్గుతుంది కాబట్టి లేబుల్ మీద రాసినట్టు ఉతకండి. ఏటా నవంబర్‌లో గ్యారేజ్ లైటు ఆర్పి, టార్చ్ కంటి పక్కన పట్టుకుని కొంచెం దూరం నుంచి వెస్ట్ మీద వేసి చూడండి. పట్టీ మసకగా కనిపిస్తే కొత్తది కొనేయండి.