కొండెక్కేటప్పుడు వేసుకునే వాన జాకెట్ ఎట్లా ఎంచుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానల జోరు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. కార్తీకమాసంలో భైరవకోనకో పెంచలకోనకో వెళ్లేవాళ్లు, ఉదయగిరి దుర్గం ఎక్కాలనుకునేవాళ్లు సరిగ్గా అల్పపీడనాలు వరస కట్టే రోజుల్లోనే బయల్దేరతారు కాబట్టి సంచిలో ఒక తేలికపాటి జాకెట్ ఉండి తీరాలి. బైకు మీద వేసుకునే మందపాటి రెయిన్‌కోటు కొండకి పనికిరాదు. లోపల గాలి ఆడదు, కాసేపు ఎక్కితే చాలు, వానకు తడవకపోయినా చెమటకు చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది.

అసలు మన ప్రాంతంలో వానకంటే చెమటే పెద్ద సమస్య. లేబుల్ మీద సాధారణంగా రెండు అంకెలుంటాయి. 5000, 10000, 20000 మిల్లీమీటర్లు అని ఉండేది, గుడ్డ మీద ఎంత ఎత్తున నీళ్లు నిలబడితే లోపలికి దిగుతాయో చెప్పే లెక్క. కొండ నడకకు 10000 చాలు, అంతకంటే తక్కువైతే బ్యాగు పట్టీలు నొక్కే భుజాల దగ్గర ముందు తడుస్తుంది. రెండోది చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది, ఇది చూసి మురిసిపోవద్దు. లోపల తేమ ఎక్కువగా, బయట తక్కువగా ఉంటేనే ఆవిరి బయటికి కదులుతుంది. ముసురు పట్టిన రోజు మన దగ్గర గాలి నిండా తేమే, పైగా చలి కూడా పెద్దగా ఉండదు, ఇక ఎంత ఖరీదైన గుడ్డైనా చేయగలిగింది తక్కువ. అందుకని చంకల కింద జిప్పులున్నదే తీసుకోండి, ఎక్కేటప్పుడు అవి పూర్తిగా తెరిస్తే గాలి ఆడుతుంది. దీనికోసం కొంచెం డబ్బు ఎక్కువైనా పర్వాలేదు.

షాపులోనే జాకెట్ తిరగేసి కుట్లు చూడండి. భుజాల మీద, టోపీ మెడకు కలిసే చోట, ప్రతి కుట్టు మీదా సన్నని టేపు అతికించి ఉండాలి, లేకపోతే సూది రంధ్రాల్లోంచే నీళ్లు దిగుతాయి. "వాటర్ రెసిస్టెంట్" అని మాత్రమే రాసి ఉంటే అది తుంపరకే.

టోపీ వేసుకుని తాడు బిగించి తల పక్కకు తిప్పండి, టోపీ కూడా తలతో పాటు తిరగాలి, కళ్లకు అడ్డం పడకూడదు. ముందు చిన్న అంచు ఉంటే మంచిది, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకైతే తప్పనిసరి.

బరువు 250 నుంచి 350 గ్రాముల మధ్య ఉంటే సరిపోతుంది. ఇంకా తేలికవి ఉన్నాయి గానీ ఆ పల్చటి గుడ్డ మన కంపచెట్ల దారుల్లో ముల్లు తగిలితే చీరుకుపోతుంది.

కొన్నాళ్లకు నీళ్లు తామరాకు మీద బొట్టులా జారకుండా గుడ్డలోకి ఇంకుతుంటే కంగారు పడి కొత్తది కొనకండి. తక్కువ ఘాటు లిక్విడ్‌తో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చటి బట్ట వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేయండి, చాలాసార్లు మళ్లీ దారికొస్తుంది. కంఫర్ట్ లాంటివి మాత్రం వేయొద్దు. తడిదాన్ని మడిచి బీరువాలో అస్సలు పెట్టకండి, మన ఉక్కకు లోపలి పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడొస్తుంది, అట్లా ఊడాక బాగుచేయడం కుదరదు. నీడలో, ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి హ్యాంగర్‌కి వదులుగా తగిలించండి.