బిల్డర్ చూపించిన లోన్ ఏజెంటును ఎంతవరకు నమ్మాలి?

షాద్‌నగర్ నుంచి జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ వరకు, ఇటు చౌటుప్పల్ నుంచి నల్లగొండ వరకు, ఎక్కడ కొత్త ఇల్లు చూడడానికి వెళ్ళినా సైట్ ఆఫీసులో జరిగే తంతు దాదాపు ఒక్కటే. మోడల్ ఫ్లాట్ చూపిస్తారు, చదరపు అడుగు ధర చెబుతారు, బయానా ఎంత ఇస్తారని అడుగుతారు. డబ్బు మాట దగ్గర మనం కాస్త తటపటాయించగానే పక్క కుర్చీలోని మనిషిని చూపించి, "లోన్ పనంతా ఈయనే చూసుకుంటాడు సార్, మీరు బ్యాంకు మెట్లెక్కే పనే లేదు" అంటారు. మా ఇంట్లో మూడు గృహరుణాలకు కాగితాలు మోసిన అనుభవంతో చెబుతున్నాను: కాగితాల పనిలో ఆ మనిషి సాయం తీసుకోవచ్చు, కానీ ఏ సంస్థలో, ఎంత, ఏ షరతుల మీద అప్పు చేయాలన్న నిర్ణయాన్ని అతనికి వదిలిపెట్టకూడదు.

మొదట తేల్చుకోవలసింది అతను ఎవరి మనిషి అన్నది. బ్యాంకు జీతం తీసుకునే సేల్స్ ఆఫీసరు కావచ్చు, బ్యాంకు కమీషన్ మీద పెట్టుకున్న డీఎస్‌ఏ (డైరెక్ట్ సెల్లింగ్ ఏజెంట్) కావచ్చు, బిల్డర్ దగ్గరే జీతానికి ఉంటూ ఫైళ్ళు తిప్పే ఉద్యోగి కూడా కావచ్చు. డీఎస్‌ఏకు కమీషన్‌ను అప్పిచ్చే సంస్థే ఇస్తుంది, దాన్ని సాధారణంగా విడుదలైన రుణం మొత్తం మీద లెక్కగడతారు. కాబట్టి అప్పు పెద్దదైనా, తొందరగా విడుదలైనా, ఎక్కువ కమీషన్ ఇచ్చే సంస్థకు ఫైలు వెళ్ళినా అతనికి లాభమే. బిల్డర్‌కూ డబ్బు తొందరగా రావడమే కావాలి. మనకు కావలసినవి తక్కువ మిత్తి, మోయగలిగినంత కిస్తీ, కాగితాలు నిదానంగా చదువుకోవడానికి నాలుగు రోజుల వ్యవధి. మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి: మీరు ఏయే సంస్థల తరఫున పని చేస్తున్నారు, మీకు డబ్బు ఎవరిస్తారు, నా దగ్గర విడిగా ఏమైనా తీసుకుంటారా? గుర్తింపు కార్డు చూసి, అందులో ఉన్న బ్యాంకు శాఖకు ఫోన్ చేసి, ఆ పేరు గల మనిషి తమ జాబితాలో ఉన్నాడో లేడో కనుక్కోండి. "ఫైల్ ఛార్జీ" పేరుతో నగదు గానీ, సొంత ఫోన్ నంబరుకు డబ్బు గానీ అడిగే మనిషితో అక్కడితో ఆగిపోవడం మంచిది, ఎందుకంటే ప్రాసెసింగ్ ఫీజు బ్యాంకు ఖాతాకే వెళ్ళాలి, దానికి రసీదు రావాలి.

అతని వల్ల ఒక పెద్ద మేలు ఉంది, దాన్ని చాలామంది సరిగా వాడుకోరు. బ్యాంకులు కొన్ని ప్రాజెక్టుల కాగితాలను ముందే పరిశీలించి ఆమోదిస్తాయి. దాన్ని ఏపీఎఫ్ అంటారు, ఒక్కో ప్రాజెక్టుకు ఒక నంబరు ఇస్తారు. ఏపీఎఫ్ ఉన్నచోట మన ఫైలు చకచకా కదులుతుంది. అందుకే ఏజెంటును "ఏ బ్యాంకులో తక్కువ వడ్డీ?" అని అడిగేకంటే ముందు "ఈ వెంచర్‌కు ఏయే బ్యాంకుల ఏపీఎఫ్ ఉంది?" అని అడగండి. నాలుగైదు ప్రభుత్వ రంగ బ్యాంకుల పేర్లు వస్తే సరే. ఒక్క ప్రైవేటు హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ పేరే వచ్చి, మిగతావారి సంగతి అడిగినప్పుడు "వాళ్ళు లేటు చేస్తారు సార్" అన్న జవాబు వస్తే, మీ ఊళ్ళోని స్టేట్ బ్యాంకు శాఖకో, మీ జీతం పడే బ్యాంకుకో స్వయంగా వెళ్ళి, సర్వే నంబరు, అనుమతి కాగితం నకలు చూపించి, దీనికి లోన్ ఇస్తారా అని అడగండి. మన జిల్లాల్లో బ్యాంకులు వెనక్కి తగ్గడానికి కారణాలు చాలావరకు నేలలోనే ఉంటాయి: పట్టణ ప్రణాళిక శాఖ (డీటీసీపీ) గానీ హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) గానీ ఆమోదించని పంచాయతీ లేఅవుటు, నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, జరగని వ్యవసాయ భూమి, ప్రభుత్వం పేదలకు పంచిన ఎసైన్డ్ పట్టా, మధ్యలో తెగిపోయిన లింకు డాక్యుమెంటు, అంటే పాత యజమానుల దస్తావేజు. బ్యాంకు వద్దన్న మాట మనకు ఉచితంగా దొరికిన లీగల్ ఒపీనియన్ లాంటిది. అయితే ఏపీఎఫ్ ఉందంటే బ్యాంకు తన అప్పు భద్రత చూసుకుందని మాత్రమే అర్థం. ఇల్లు గడువులోగా చేతికొస్తుందని అది హామీ ఇవ్వదు. బ్యాంకు ప్యానెల్ లాయరు రాసే అభిప్రాయం ఫీజు మనం కట్టినా బ్యాంకు కోసమే కనుక, బిల్డర్‌తో సంబంధం లేని మన లాయరుకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు విడిగా చూపించుకోవాలి.

ఇళ్ళ ప్రాజెక్టులను నియంత్రించే తెలంగాణ రెరా సంస్థ వెబ్‌సైటులో ప్రాజెక్టు నంబరు కూడా మీరే చూడండి. భూమి 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 598 గజాలు దాటని, లేదా ఫ్లాట్లు ఎనిమిదికి మించని కట్టడాలకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో 150 గజాల్లో కట్టి అమ్మే విడి ఇళ్ళు చాలావరకు ఈ కోవలోకే వస్తాయి. అలాంటిచోట లాయరు పని మరింత ముఖ్యం. రెరా వర్తించే ప్రాజెక్టులో అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదని 2016 నాటి రెరా చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ఏజెంటు "లోన్ గ్యారంటీ" అన్నాడు కదా అని బయానా పెంచకండి. స్థలం కాగితాల వల్లగానీ అనుమతుల వల్లగానీ రుణం రాకపోతే కట్టినదంతా తిరిగి ఇస్తామన్న వాక్యాన్ని ఒప్పందంలో రాయించుకోండి. ఆ వాక్యం రాయడానికి బిల్డర్ వెనకాడితే ఏజెంటు గ్యారంటీ విలువ ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

ఇక వడ్డీ. ఏజెంటు చెప్పే రేటును, మీ అంతట మీరు వెళ్ళిన బ్యాంకు చెప్పే రేటును ఒకే వారంలో, ఒకే మొత్తానికి, ఒకే కాలానికి పోల్చాలి. 30 లక్షలు, 20 ఏళ్ళు తీసుకుంటే 8.5 శాతం దగ్గర కిస్తీ సుమారు 26,035 రూపాయలు, 9 శాతం దగ్గర సుమారు 26,992. నెలకు వెయ్యి లోపే కదా అనిపిస్తుంది, చివరికి తేడా దాదాపు 2 లక్షల 30 వేలు అవుతుంది. బ్యాంకులు 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలను రెపో (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే రేటు) వంటి బయటి ప్రామాణికానికి ముడిపెట్టాలి, కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలి. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకు ఆ నిర్బంధం లేదు కనుక, రెపో తగ్గినప్పుడు మన కిస్తీ ఎప్పుడు తగ్గుతుందన్నది వాటి సొంత నిర్ణయం. ఏజెంటు మొదటి రేటు గురించే మాట్లాడతాడు, మీరు ఈ సంగతి అడగండి.

నోటి మాటలన్నీ విన్నాక కేఎఫ్‌ఎస్ అడగండి. 2024 అక్టోబరు 1 తర్వాత మంజూరయ్యే ప్రతి రిటైల్ రుణానికీ ఈ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందులో వడ్డీతోపాటు ప్రాసెసింగ్ ఫీజు, లీగల్, వాల్యుయేషన్, బీమా ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటు ఉంటుంది. అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి కాబట్టి తెలుగులో అడిగే హక్కు మనకుంది. అందులో రాయని ఛార్జీని మన స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయకూడదు. ఏడు రోజులు, అంతకుమించిన కాలపరిమితి గల రుణాలకు ఆ పత్రంలోని షరతులు కనీసం మూడు పనిదినాలు చెల్లుతాయి. "ఈ రోజే సంతకం పెట్టాలి, రేపు రేటు మారుతుంది" అనే మాటకు ఆ మూడు రోజులే జవాబు. రెండు సంస్థల కేఎఫ్‌ఎస్‌లు పక్కపక్కన పెట్టుకున్నాక ఎవరి సలహా అవసరమూ పెద్దగా ఉండదు. పోలికల కోసమని ఏజెంటు మీ ఫైలును ఒకేసారి ఐదు చోట్లకు పంపకుండా చూసుకోండి. ప్రతి దరఖాస్తూ మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో విచారణగా నమోదవుతుంది.

జడ్చర్ల దగ్గర ఫ్లాటు కొన్న మా బామ్మర్దికి బీమా దగ్గర దెబ్బ తగిలింది. అతను ప్రభుత్వ బడిలో టీచరు, లెక్కలు తెలిసినవాడే. కిస్తీ అనుకున్నదానికంటే 1,080 రూపాయలు ఎక్కువ వస్తోందని ఫోన్ చేశాడు. తీరా చూస్తే లక్షా ఇరవై వేల రుణరక్షణ బీమా ప్రీమియాన్ని అప్పులో కలిపేశారు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళలో అది 2 లక్షల 59 వేలు అవుతుంది. పాలసీ ఎక్కడుందని అడిగితే ఈమెయిల్‌కు వచ్చిందన్నారు, దరఖాస్తులో రాసిన ఈమెయిల్ ఏజెంటుది! పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉండబట్టి బయటపడ్డాడు. కుటుంబం ఒక్కరి సంపాదన మీద నడుస్తుంటే బీమా ఉండాలనే నేనంటాను, కానీ దాన్ని ఏ కంపెనీలో, ఏ రూపంలో తీసుకోవాలన్నది రుణానికి షరతు కాకూడదు. విడిగా టర్మ్ పాలసీ ధర అడిగి చూశాకే ఒప్పుకోండి. దరఖాస్తు మీ చేతిరాతతో మీరే నింపండి, ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే రాయండి, ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టకండి, ఓటీపీ చెప్పకండి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "వంద శాతం లోన్ ఇప్పిస్తాను" అన్న మాట. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 30 లక్షల వరకు రుణానికి ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతమే గరిష్ఠం. విలువ పది లక్షలు దాటిన ఇంటికి స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపకూడదు. 50 లక్షల ఫ్లాటుకు 40 లక్షలే వస్తాయి. మిగతా పది లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు, కట్టుబడిలో ఉన్న ఇల్లయితే 5 శాతం జీఎస్టీ మన చేతి డబ్బే కావాలి. మరి వంద శాతం ఎక్కడినుంచి వస్తుంది? బ్యాంకుకు చూపించే ఒప్పందంలో ధర పెంచి రాసి, మనం కట్టని మార్జిన్ డబ్బుకు, అంటే మన వాటాకు, బిల్డర్ రసీదు ఇచ్చి, రిజిస్ట్రేషన్ మాత్రం తక్కువ విలువకు చేయిస్తారు. ఒకే ఇంటికి మూడు ధరలు, మూడింటి కిందా మన సంతకం. రేపు బిల్డర్‌తో తగాదా వచ్చి రెరాకు వెళ్తే ఎంత కట్టామో నిరూపించవలసింది మనం, బ్యాంకు తవ్వితే తప్పుడు పత్రం ఇచ్చిన దరఖాస్తుదారులమూ మనమే. జీతం స్లిప్పు "సర్దడం", మార్జిన్ కోసం ముందుగా పర్సనల్ లోన్ ఇప్పించడం కూడా ఈ బాపతువే. ఇలాంటి సలహా ఒక్కటి ఇచ్చినా ఆ ఏజెంటుతో పని ముగించండి.

కట్టుబడిలో ఉన్న ఇంటికి డబ్బు స్లాబుల వారీగా విడుదల కావాలి. పని పూర్తికాని ప్రాజెక్టుకు మొత్తం రుణాన్ని ముందే బిల్డర్‌కు ఇవ్వవద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. "ఇల్లు చేతికొచ్చేదాకా కిస్తీ మేమే కడతాం" అనే పథకంలో బిల్డర్ కిస్తీ కట్టడం ఆపేసిన నెల నుంచి బ్యాంకు అడిగేది మననే, సిబిల్ చెడేదీ మనదే. బిల్డర్ డిమాండ్ లెటర్ పంపిన ప్రతిసారీ సైటుకు వెళ్ళి స్లాబు పడిందో లేదో చూసి, ఫొటో తీసుకుని, ఆ తర్వాతే విడుదలకు అంగీకారం ఇవ్వండి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటో సరిపోదు.

ఏదైనా తేడా వస్తే ముందు అప్పిచ్చిన సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోవాలి, ఏజెంటుతో ఫోన్ వాదనలు లెక్కలోకి రావు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా బ్యాంకు మీదైతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ మీదైతే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు వెళ్ళవచ్చు. రిజిస్ట్రేషన్ రోజున ఒరిజినల్ దస్తావేజు చాలాసార్లు ఏజెంటు చేతి మీదుగానే బ్యాంకుకు పోతుంది. ఆ వారంలోనే శాఖకు వెళ్ళి, తమ దగ్గర ఏయే ఒరిజినల్స్ ఉన్నాయో బ్యాంకు ముద్రతో జాబితా తీసుకోండి. అప్పు తీరాక 30 రోజుల్లోపు ఆ కాగితాలు తిరిగి ఇవ్వకపోతే, తప్పు సంస్థదైనప్పుడు, రోజుకు 5,000 రూపాయల చొప్పున మనకు చెల్లించాలన్న నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. దాన్ని అడగాలంటే ఇరవై ఏళ్ళ తర్వాత మన బీరువాలో ఉండవలసింది ఆ జాబితానే.