పిల్లల గొంతులతో క్రిస్మస్ నాటిక రికార్డు చేయడం: చార్లీ బ్రౌన్ బృందాన్ని విని నేర్చుకున్న పద్ధతి

క్రిస్మస్ రాత్రి స్టేజి మీద పాతికమంది పిల్లలుంటారు, మైకులు రెండే ఉంటాయి. ఒకడి మాట వినపడితే ఇంకొకడి మాట వినపడదు. అందుకే డైలాగులు ముందే రికార్డు చేసుకుని, ఆ రాత్రి స్పీకర్లో వేసి, పిల్లలచేత అభినయం మాత్రం చేయించేవాళ్లున్నారు. మంచి పద్ధతే. రికార్డింగ్ బాగుంటే వెనక బెంచీలో కూర్చున్న నాయనమ్మకు కూడా మనవడి మాట ముక్క పోకుండా వినపడుతుంది.

నేను హైదరాబాద్‌లో కార్టూన్ల తెలుగు డబ్బింగ్ పని చేస్తాను. నవంబరు వచ్చిందంటే సండే స్కూల్ టీచర్లు గొంతులు ఎలా తీయాలని అడుగుతారు. వాళ్లందరికీ మొదట ఒకే పని చెబుతాను. 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' అని అమెరికాలో 1965 డిసెంబరు 9న సీబీఎస్ అనే చానల్లో వచ్చిన టీవీ కార్టూన్ ఉంది, ఇప్పుడు ఆపిల్ టీవీలో దొరుకుతుంది, పాతిక నిమిషాలు. దాన్ని ఒకసారి బొమ్మ చూడకుండా వినండి. ఇంగ్లీషు పూర్తిగా అర్థం కాకపోయినా పర్వాలేదు. అందులో పిల్లల పాత్రలన్నిటికీ పిల్లలే మాట్లాడారు. ఆ సంగతి వినగానే తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. సరిగ్గా ఏడాది ముందు, 1964లో, ఎర్రముక్కు దుప్పి రుడాల్ఫ్ కథ టీవీలో వచ్చింది. అందులో పిల్ల రుడాల్ఫ్‌కు మాట్లాడింది బిల్లీ మే రిచర్డ్స్ అనే పెద్దావిడ. 1966లో వచ్చిన 'గ్రించ్' అనే ఇంకో క్రిస్మస్ కార్టూన్‌లో చిన్నారి సిండీ లూకు గొంతిచ్చిన జూన్ ఫోరే కూడా పెద్దావిడే. ఇద్దరూ గొప్ప కళాకారిణులు. మన డబ్బింగ్‌లోనూ చాలావరకు ఇదే పద్ధతి, చంటిపిల్లాడి పాత్రకు ముప్పై ఏళ్లావిడ గొంతు సన్నం చేసి మాట్లాడుతుంది. టైముకు పని అవుతుంది, స్పష్టంగా ఉంటుంది. కాని పిల్లలు మాట్లాడేటప్పుడు ఊపిరి అందక మధ్యలో ఆగుతారే, ఆ ఆగడం పెద్దవాళ్లు ఎంత నేర్పుగా చేసినా రాదు. కథ రాసిన చార్లెస్ షుల్జ్, నిర్మాత లీ మెండెల్సన్, దర్శకుడు బిల్ మెలెండెజ్ ఆ ఆగడాన్నే కోరుకున్నారు. మీ నాటికకు కూడా అదే బలం. "అక్క గొంతు బాగుంటుంది, అందరికీ తనే చెప్పేస్తుంది" అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి.

ఇక పాత్రల ఎంపిక. పిల్లల చేతికి కాగితమిచ్చి చదివించి ఎంచుకోవద్దు. బాగా చదివేవాళ్లు బాగా మాట్లాడతారన్న నమ్మకం లేదు. ఆటల దగ్గర కూర్చుని వినండి. ఎవరు ఆజ్ఞలిస్తున్నారు, ఎవరు నసుగుతున్నారు, ఎవరు నెమ్మదిగా చెప్పి పని జరిపించుకుంటున్నారు? కార్టూన్‌లో ముఖ్యపాత్ర చార్లీ బ్రౌన్‌గా మాట్లాడిన పీటర్ రాబిన్స్‌కు అప్పుడు తొమ్మిదేళ్లు. క్రిస్మస్ వస్తోంది గాని నాకు సంతోషంగా లేదని మొదట్లోనే చార్లీ తన స్నేహితుడు లైనస్‌తో చెప్పుకుంటాడు. ఆ మాటలో ఏడుపు లేదు, విసుగూ లేదు, ఉత్త దిగులు. అలాంటి సాదా గొంతు దొరకడమే కష్టం, ఎందుకంటే మైకు చూడగానే పిల్లలు ఎక్కువ నటించేస్తారు. లైనస్ అక్క లూసీగా చేసిన ట్రేసీ స్ట్రాట్‌ఫర్డ్ గొంతు దానికి పూర్తిగా ఎదురు. గబగబా, ఖచ్చితంగా, తీర్పు చెప్పినట్టు మాట్లాడుతుంది. ఆ అమ్మాయికి అప్పటికే టీవీలో నటించిన అనుభవముంది. క్రిస్మస్ అంతా పెద్ద వ్యాపారమనీ, ఎక్కడో తూర్పున ఓ పెద్ద ముఠా నడిపిస్తోందనీ ఆమె చార్లీకి చెప్పే మాట వినండి. ఆ వయసు పిల్లకు అర్థమయ్యే సంగతి కాదది. అయినా ఊరందరికీ తెలిసిన విషయంలా చెప్పేస్తుంది. నవ్వు అక్కడే పుడుతుంది. లైనస్‌గా చేసిన క్రిస్టఫర్ షే ఏడేళ్లవాడు, మెత్తటి గొంతు, కొన్ని అక్షరాలు సరిగ్గా తిరగకపోవడం కూడా వినిపిస్తుంది. మీ దగ్గర 'ర' పలకని పిల్లాడుంటే వాణ్ని తీసేయకండి. వాడికే పెద్ద డైలాగు ఇచ్చి చూడండి.

కళ్లు మూసుకున్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి. దాన్నే ఎంపికకు కొలతగా పెట్టుకోండి. ఇద్దరి గొంతులు ఒకేలా ఉంటే, వాళ్లిద్దరికీ ఒకే సీనులో మాటలు రాయకండి.

ఒక్క డైలాగు ఉన్న పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కార్టూన్‌లో షెర్మీ అనే అబ్బాయికి మొత్తం మీద ఒక్కటే మాట ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ ఇదే వరస, చివరికి నన్ను గొర్రెల కాపరిని చేస్తారంటాడు. మన చర్చిల్లో తలకు తువ్వాలు చుట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని నిలబడ్డ ప్రతి అబ్బాయికీ ఆ మాట తెలుసు. అంత చిన్న పాత్ర ఇన్నేళ్లుగా గుర్తుండిపోయిందంటే ఆ వాక్యం వాడి కోసమే రాశారు కాబట్టి. కాపరికీ, సత్రం యజమానికీ తలా ఒక మంచి వాక్యం రాయండి. ఆ వాక్యానికి కూడా మేరీ, యోసేపుల డైలాగులకు ఇచ్చినంత సమయం ఇచ్చి రికార్డు చేయండి.

అన్నిటికంటే ఎక్కువ మెలకువ కావలసింది చదవడం రాని పిల్లలతో. చార్లీ చెల్లెలు శాలీకి మాట్లాడిన క్యాథీ స్టైన్‌బర్గ్‌కు అప్పటికి చదవడం రాదు. ఒక్కో ముక్కా చెప్పి, ఆ పిల్లచేత అనిపించి, ఆ ముక్కలన్నీ కలిపారు. శాంటాకు ఉత్తరం రాయించేటప్పుడు, నాకు రావలసింది నాకు వస్తే చాలు, నా వాటా నాకిస్తే చాలు అంటుంది చూడండి, అక్కడ మాటల మధ్య అతుకు తెలుస్తుంది. ఆ అతుకే ముద్దొస్తుంది.

తెలుగులో ఈ పని చేసేటప్పుడు ఎక్కడ విరవాలో తెలియాలి. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి, మధ్య ముక్కల దగ్గర గొంతు పైకి లేచి నిలబడాలి, ఆఖరి ముక్కకు దిగాలి. విడివిడిగా చెప్పించినప్పుడు పిల్లలు ప్రతి ముక్కకూ గొంతు దించేస్తారు. అప్పుడు అతికితే ఐదు వాక్యాలు విన్నట్టుంటుంది. లూకా రెండో అధ్యాయం ఎనిమిదో వచనమే తీసుకోండి. "ఆ దేశములో కొందరు గొర్రెల కాపరులు" ఒక ముక్క, "పొలములో ఉండి" ఇంకొకటి, "రాత్రివేళ తమ మందను కాచుకొనుచుండగా" మరొకటి. ఇక్కడ ఏ ముక్కకూ గొంతు దిగకూడదు, ఎందుకంటే సంగతి ఇంకా అవలేదు. "తరవాత ఏమైందో చెప్పబోతున్నావు నాన్నా" అనండి చాలు, గొంతు దానంతటదే నిలబడుతుంది. "గొంతు పైకెత్తు" అన్నారా, పాడటం మొదలుపెడతారు. ఎలా పలకాలో చెప్పకండి, కథలో ఏం జరుగుతోందో చెప్పండి.

మాట అందించేవాళ్లు ఒక్కరే ఉండాలి. ఇద్దరుంటే పిల్ల ఎవరి యాసలో చెప్పాలో తెలియక ఆగిపోతుంది. అందించాక మీరు రెండు క్షణాలు ఊపిరి బిగబట్టి కూర్చోండి, లేకపోతే పిల్ల మాట మీద మీ గొంతు పడుతుంది, తరవాత దాన్ని విడదీయలేరు. అతకడం ఎప్పుడూ మాటల మధ్య నిశ్శబ్దంలో జరగాలి. పిల్ల తీసుకున్న ఊపిరిని మాత్రం కత్తిరించకండి. ఊపిరి తీసేసిన మాట మరబొమ్మ మాటలా ఉంటుంది.

గది గురించి ఎక్కువ చెప్పను. పరుపు, దుప్పట్లు, బట్టల బీరువా ఉన్న పడకగది మంచిది, ఖాళీ హాలు మంచిది కాదు. ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ ఉన్న గోడకు దూరంగా కూర్చోండి. ఫోన్ చాలు. నోటికి జానెడు దూరంలో, నేరుగా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు పెడితే ప, ఫ, భ పలికినప్పుడు గాలి కొట్టదు. అందర్నీ అదే చోట కూర్చోబెట్టండి. ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి పెట్టుకోండి, అతికేచోట దాన్ని పరిస్తే అతుకు కనబడదు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి.

చార్లీ బ్రౌన్ బృందం గొంతుల పని ఒక్కరోజులో ముగించింది. స్టూడియో నిండా పిల్లల పరుగులూ గోలానట. మీరు కూడా వీలైతే ఒకటి రెండు రోజుల్లోనే అయ్యేలా చూసుకోండి. వారం గడిస్తే పిల్లాడికి జలుబు చేయవచ్చు, పన్ను ఊడవచ్చు, అప్పుడు మొదటి సీనూ చివరి సీనూ వేరు వేరు పిల్లలవనిపిస్తాయి. చిన్నవాళ్లను పొద్దున్నే పిలవండి, భోజనం అయ్యాక వాళ్ల గొంతులో నిద్ర వినిపిస్తుంది. ఒక డైలాగును నాలుగైదు సార్లకు మించి చెప్పించకండి. చాలాసార్లు రెండోసారి చెప్పిందే బాగుంటుంది. మొదటిసారి భయం ఉంటుంది, నాలుగోసారికి మిమ్మల్ని మెప్పించాలన్న తాపత్రయం మొదలవుతుంది.

డబ్బింగ్ చేసేవాళ్లకు ఒక అలవాటు మార్చుకోవడం కష్టం. డబ్బింగ్‌లో బొమ్మ పెదవులు ముందే కదిలి ఉంటాయి, మాటను వాటిలో ఇరికించాలి. సొంతంగా తీసే కార్టూన్‌లో గొంతు ముందు, బొమ్మ తరవాత. మీ నాటికకూ అదే వరస. పిల్లాడు ఆగినచోట ఆగనివ్వండి. స్టేజి మీద అభినయించేవాడు ఆ ఆగడానికి తగ్గట్టు నడవడం నేర్చుకుంటాడు.

జంతువులుంటే, గాడిదో గొర్రెపిల్లో, వాటికి మీరే మాట్లాడండి. స్నూపీ కుక్కకు గొంతిచ్చింది దర్శకుడు మెలెండెజే. అర్థంలేని మాటలేవో మాట్లాడి, ఆ టేపును వేగంగా తిప్పారు. ఇప్పుడు ఫోన్ యాప్‌లోనే వేగం, శ్రుతి పెంచవచ్చు. కాని మాట్లాడేటప్పుడు కోపమో ఆకలో నిజంగా మనసులో పెట్టుకుని మాట్లాడండి, వేగం పెంచినా భావం పోదు. పెద్దవాళ్ల గొంతుకు నాటికలో అదొక్కటే చోటు. ఈ కార్టూన్‌లో టీచరూ, అమ్మానాన్నా ఎక్కడా వినిపించరు. పెద్దవాళ్ల మాటకు బదులు ట్రాంబోన్ అనే బాకా వాయించడం ఈ వరసలో 1967లో వచ్చిన ఇంకో కార్టూన్‌తో మొదలైంది. వ్యాఖ్యానం కావాలంటే పదేళ్ల అమ్మాయిచేత చెప్పించండి.

పాట సంగతి. కార్టూన్‌లో పాడింది కాలిఫోర్నియాలోని శాన్ రఫేల్‌లో ఉన్న సెయింట్ పాల్స్ ఎపిస్కోపల్ చర్చి పిల్లల బృందం. వాళ్లకు పాట నేర్పినాయన శ్రుతి తప్పకూడదన్నారు. మెండెల్సన్‌కూ, సంగీతం చేసిన విన్స్ గరాల్డీకీ మాత్రం పిల్లలు పిల్లల్లా పాడటమే నచ్చింది. అక్కడక్కడా స్వరం జారిన పాటే ఉంచేశారు. ఒక్కో పిల్లకు 5 డాలర్లిచ్చి, పాడించాక ఐస్‌క్రీం పెట్టించారట. మీరూ యాప్‌తో శ్రుతి సరిచేయకండి. పిల్లలకు ఐస్‌క్రీం మాత్రం పెట్టండి.

చివరగా వాక్యం చదివే చోటు. లైనస్ స్టేజి మధ్యకు వచ్చి, దీపాలు వేయమని అడిగి, లూకా రెండో అధ్యాయంలో 8 నుంచి 14 వరకు వచనాలు చెబుతాడు. ఆ మాటలు ఉండి తీరాలని పట్టుబట్టింది షుల్జ్. వెనక సంగీతం లేదు, ఏడేళ్ల పిల్లాడి గొంతు ఒక్కటే. "భయపడకుడి" అనే మాట దగ్గర, ఎప్పుడూ వదలని తన దుప్పటిని లైనస్ వదిలేస్తాడు. సంగీతం పెట్టాలనే కోరిక ఈ చోటే ఎక్కువగా కలుగుతుంది, నాకూ ప్రతిసారీ కలుగుతుంది. పెట్టకండి. కీబోర్డు వాయించే అబ్బాయిని బతిమాలి అయినా ఆపండి. వచనం చెప్పేవాడికి "కుడి", "యున్నాడు" లాంటి పాత పలుకులు నోరు తిరిగేదాకా ముందు వారం రోజులు ఇంట్లో వల్లె వేయించండి, చూసి చదవనివ్వకండి. కాగితం చూస్తే గొంతు కిందికి వంగుతుంది.

మొత్తం అతికాక, రికార్డింగ్ చివర పేర్లు పెట్టండి. ఆ పేర్లు మీరు చదవకండి. ఒక్కొక్కరిచేతా తన పేరు, తన పాత్ర తన గొంతుతోనే చెప్పించండి, కాపరులతో మొదలుపెట్టి. ఆ ఫైలు ప్రతి ఇంటికీ ఒకటి పంపండి, అసలు ముక్కలు మాత్రం మీ దగ్గరే విడిగా దాచుకోండి.