కాన్పు తర్వాత మోకాలి నొప్పి: నేను మళ్లీ ఎలా పరిగెత్తాను

పాప పుట్టిన 7 వారాలకే బెంగళూరు కబ్బన్ పార్కులో పరుగు మొదలుపెట్టాను. "పచ్చి బాలింతవి, అప్పుడే పరుగులేమిటే?" అని అమ్మ అంటూనే ఉంది. 10 రోజుల్లో కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, మెట్లు దిగుతుంటే ప్రాణం పోయేది. తుమ్మినా మూత్రం చుక్కలు పడేవి. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చాను.

ఫిజియోథెరపిస్టు మోకాలికన్నా ముందు నా పొట్ట చూసింది. పొట్ట మధ్య కండరాలు ఇంకా ఎడంగానే ఉన్నాయి. కటి కండరాలు (మూత్రసంచిని కింది నుంచి పట్టి ఉంచేవి), పిరుదుల కండరాలు బలహీనం. ఆ భారమంతా మోకాలి మీద పడుతోందట. కనీసం 12 వారాలు ఆగాల్సింది అంది.

పరుగు ఆపేశాను. రోజూ కటి కండరాలు బిగించి వదలడం, వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, ఒంటికాలి మీద నిలబడి మడమ లేపడం. 6 వారాల తర్వాత 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక, వారానికి 3 సార్లు. పాపకు పాలిచ్చాకే బయల్దేరేదాన్ని, అప్పుడు ఛాతీ బరువు తగ్గి తేలిగ్గా ఉండేది.

ఇంకోటి, పాదాలు కూడా పెరిగాయి! పాత 6 సైజు బూట్లు వేళ్లను నొక్కేస్తుంటే 7 కొన్నాను. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

పాపకిప్పుడు ఎనిమిదో నెల. మొన్న ఆదివారం లాల్‌బాగ్ చెరువు చుట్టూ ఆగకుండా పరిగెత్తి వచ్చాను. ఒక్క చుక్క పడలేదు.